పెద్దమ్మకి 76, యూకేలో ఒంటరిగా ఉంటోంది: పెన్షన్ క్రెడిట్, కరెంటు-గ్యాస్ సాయం ఎన్ని నెలలు వెనక్కి ఇస్తారు?

లెస్టర్_లత
మా పెద్దమ్మకి 76. పెదనాన్న పోయాక లెస్టర్‌లో సొంత ఇంట్లో ఒక్కతే ఉంటోంది. స్టేట్ పెన్షన్ వారానికి 168.40 పౌండ్లు, పెదనాన్న పనిచేసిన ఫ్యాక్టరీ నుంచి వితంతు పెన్షన్ 14 పౌండ్లు. బ్యాంకులో 13,200 ఉంది. తెనాలి దగ్గర పొలంలో వాటా ఉంది, అమ్మితే ఖర్చులు పోను 9,000 పౌండ్ల దాకా రావచ్చు. సొంత ఇల్లుంది, డబ్బుంది, నీకేమీ రాదని ఎవరో అన్నారట, అందుకని ఇన్నేళ్లూ అడగనే లేదు. ఇప్పుడు గ్యాస్ బిల్లుకి భయపడి హీటింగ్ ఆపేసి రగ్గు కప్పుకుని కూర్చుంటోంది. మోకాళ్లు పాడయ్యాయి, స్నానానికీ బట్టలు మార్చుకోవడానికీ చెయ్యి సాయం కావాలి.
పెన్షన్ క్రెడిట్ (ఆదాయం తక్కువున్న పెన్షన్ వయసు వాళ్లకి ప్రభుత్వం ఇచ్చే సాయం) వస్తుందా? అర్హత ఎప్పటినుంచో ఉంటే ఆ ఏళ్లన్నిటికీ ఎరియర్స్ ఇస్తారా? కరెంటు, గ్యాస్ సాయాలు ఏమేం ఉన్నాయి? ఇవాళ 2025 నవంబరు 10, చలి మొదలైపోయింది.

గోదారోడు_68
ఏళ్లన్నిటికీ ఇవ్వరు. పెన్షన్ క్రెడిట్‌కి బ్యాక్‌డేట్ (వెనకటి తేదీ నుంచి లెక్కకట్టి ఇవ్వడం) 3 నెలలే. అంతకు ముందు అర్హత ఉన్నా పోయినట్టే. అందుకే ముందు ఫోన్ చేయించండి, మిగతావి తర్వాత చదువుకోవచ్చు. పెన్షన్ క్రెడిట్ నంబరు 0800 99 1234.

సలహా_శేఖర్
లత గారూ, లెక్క వేసి చూద్దాం. అంకెలన్నీ 2025-26 రేట్లు, వారానికి.

ఆవిడ ఉంటున్న ఇంటి విలువ లెక్కలోకి రాదు. మొదట అది మనసులోంచి తీసేయమనండి. రెండోది, పెన్షన్ క్రెడిట్‌కి పొదుపు మీద పైహద్దు లేదు. మొదటి 10,000 వదిలేస్తారు. ఆ పైన ప్రతి 500కీ వారానికి 1 పౌండు ఆదాయం వస్తున్నట్టు అనుకుంటారు. 500 నిండకపోయినా ఒక పౌండే.

ఆవిడ బ్యాంకు 13,200, పొలం వాటా 9,000, మొత్తం 22,200. పది వేలు తీస్తే 12,200. దాన్ని 500తో భాగిస్తే 24.4, అంటే 25 పౌండ్లు. రెండు పెన్షన్లూ కలిపి 182.40. మొత్తం ఆదాయం 207.40 అని వాళ్ల లెక్క. ఒంటరి మనిషికి గ్యారంటీ హద్దు, అంటే ఆదాయం తక్కువైతే ప్రభుత్వం నింపి ఇచ్చే స్థాయి, 227.10. తేడా 19.70. అది వారం వారం వస్తుంది.

దంపతులకైతే హద్దు 346.60.

పెన్షన్_పద్మ
శేఖర్ గారి లెక్కకి సేవింగ్స్ క్రెడిట్ (పెన్షన్ క్రెడిట్‌లో రెండో భాగం, కొంత పొదుపో పెన్షనో ఉన్నవాళ్లకి) కూడా కలపాలి. 2016 ఏప్రిల్ 6 కంటే ముందు పెన్షన్ వయసుకి వచ్చినవాళ్లకి ఇది ఇంకా ఉంది, 76 ఏళ్లావిడ అందులోకి వస్తారు. ఒంటరివాళ్లకి దాని గీత 198.27. ఆవిడ ఆదాయం 207.40, గీత కంటే 9.13 ఎక్కువ. దాంట్లో 60 శాతం, 5.48. గ్యారంటీ 19.70తో కలిపితే వారానికి 25.18. 3 నెలలు వెనక్కి అంటే 13 వారాలు, 327.34 పౌండ్లు ఒకేసారి ఖాతాలో పడతాయి.

వారానికి పాతిక పౌండ్లేనా అని వదిలేసేవాళ్లు చాలామంది. ఆ పాతికే మిగతా తలుపులన్నీ తీస్తుంది.

వాట్‌ఫర్డ్_వాసు
నాకు తెలిసి పొదుపు 16,000 దాటితే ఏ బెనిఫిట్టూ రాదు. పొలంతో కలిపి 22,200 అంటే కష్టమే కదా.

పెన్షన్_పద్మ
వాసు గారూ, 16,000 హద్దు యూనివర్సల్ క్రెడిట్‌దీ (పని వయసు వాళ్లకి ఇచ్చే సాయం), హౌసింగ్ బెనిఫిట్‌దీ (అద్దెకి ఇచ్చే సాయం). పెన్షన్ క్రెడిట్‌కి అది లేదు. పైగా పెన్షన్ క్రెడిట్‌లో గ్యారంటీ భాగం ఒక్క పౌండు వచ్చినా, హౌసింగ్ బెనిఫిట్‌కి కూడా ఆ 16,000 హద్దు అడ్డం రాదు. ఈ ఒక్క గందరగోళం వల్లే మన పెద్దవాళ్లు ఎంతమంది అడగకుండా ఉండిపోతున్నారో.

వాట్‌ఫర్డ్_వాసు
సరే. మరి పొలం సంగతి ఎందుకు చెప్పడం? ఇక్కడివాళ్లకి తెనాలి పొలం ఎలా తెలుస్తుంది?

సలహా_శేఖర్
అలా చెప్పకండి వాసు గారూ. ఫారంలో విదేశీ ఆస్తి గురించి సూటిగా అడుగుతారు. దాచి తీసుకుంటే అది ఓవర్‌పేమెంట్, తర్వాత పెన్షన్‌లోంచి కోసుకుంటారు, కావాలని దాచారని తేలితే కేసు దాకా వెళ్తుంది. 76 ఏళ్ల మనిషిని ఆ స్థితిలో పెట్టకూడదు. పైగా చూడండి, పొలం చెప్పినా ఆవిడకి వస్తోంది.

విదేశీ ఆస్తికి విలువ ఎలా కడతారంటే: అక్కడి మార్కెట్ విలువ, అందులోంచి అమ్మకం ఖర్చుల కింద 10 శాతం తీసేస్తారు, దాని మీద అప్పుంటే అదీ తీసేస్తారు. ఉమ్మడి ఆస్తి అయితే ఆవిడ వాటా మేరకే. కాగితాలు ఇవి దగ్గర పెట్టుకోండి: పట్టాదారు పాస్ పుస్తకం నకలు, ఈసీ, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చే మార్కెట్ విలువ పత్రం, పంపకాలు కాకపోతే వారసులు ఎంతమందో రాసి సంతకం పెట్టిన ఉత్తరం. తెలుగులో ఉన్నవాటికి ఇంగ్లీషు అనువాదం జత చేయాలి.

కాజీపేట_కిరణ్
ఇంకోటి. మన దగ్గర బ్యాంకుల ఉన్న ఎఫ్‌డీలు, పోస్టాఫీసు డిపాజిట్లు గూడ పొదుపే. బంగారం ఒంటి మీద నగలైతే సొంత వస్తువుల కింద పోతది, లెక్కబెట్టరు. బిస్కెట్లు కొని దాచిపెడితె మాత్రం పెట్టుబడే. ఇండియాల పెన్షన్ వస్తుంటే అది ఆదాయం, చెప్పాలె.

హౌన్స్‌లో_హేమ
పొలం కొడుకు పేర రాసేసి తర్వాత అప్లై చేస్తే?

పెన్షన్_పద్మ
బెనిఫిట్ కోసమే వదిలేశారని వాళ్లు అనుకుంటే, ఆ ఆస్తి ఇంకా ఆవిడ దగ్గరే ఉన్నట్టు లెక్క కడతారు. ఆస్తీ పోతుంది, డబ్బూ రాదు. చేయొద్దు.

పొలం విలువ ఎక్కువైతే ఏమవుతుందో కూడా చెప్తాను, ఎందుకంటే ఇక్కడ చాలామంది తొందరపడి ఆశ వదిలేస్తారు. 9,000 కాక 20,000 అనుకోండి. మొత్తం 33,200. 10,000 తీస్తే 23,200, అంటే 47 పౌండ్లు. ఆదాయం 229.40 అవుతుంది. గ్యారంటీ హద్దు 227.10 దాటింది కాబట్టి ఆ భాగం రాదు. కానీ సేవింగ్స్ క్రెడిట్ వస్తుంది: ఒంటరివాళ్లకి గరిష్ఠం 17.30, హద్దు దాటిన 2.30లో 40 శాతం అంటే 0.92 కోస్తారు, చేతికి 16.38. అదీ పెన్షన్ క్రెడిట్టే.

లెస్టర్_లత
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ థాంక్స్. మరి ఆ "తలుపులు" ఏమిటో కూడా చెప్పండి పద్మ గారూ.

గోదారోడు_68
నేను చెప్తా.
వార్మ్ హోమ్ డిస్కౌంట్: కరెంటు బిల్లు మీద 150 పౌండ్లు తగ్గింపు.
కోల్డ్ వెదర్ పేమెంట్: నవంబరు 1 నుంచి మార్చి 31 లోపు, మీ ఏరియాలో వరసగా 7 రోజులు సగటున సున్నా డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ నమోదైతే, లేదా అలా ఉంటుందని అంచనా వేస్తే, ఆ 7 రోజులకి 25 పౌండ్లు. దానంతటదే పడుతుంది.
టీవీ లైసెన్స్: 75 దాటి పెన్షన్ క్రెడిట్ ఉంటే ఉచితం. 2025-26లో దాని ధర 174.50.
గ్యారంటీ భాగం ఉంటే పళ్ల డాక్టరు, కళ్లజోడు వోచర్, ఆసుపత్రికి వెళ్లొచ్చే ఖర్చులు.
కౌన్సిల్ టాక్స్ (ఇంటి మీద స్థానిక పన్ను) తగ్గింపు.
వింటర్ ఫ్యూయెల్ పేమెంట్ (హీటింగ్ ఖర్చుకి చలికాలంలో ఒకసారి ఇచ్చే డబ్బు) వేరే. దానికి పెన్షన్ క్రెడిట్ అక్కర్లేదు.

స్లౌ_సుబ్బు
వింటర్ ఫ్యూయెల్ పోయిన ఏడాది తీసేశారు కదా? మా వీధిలో పెద్దాయన ఇంకా రాదనే అనుకుంటున్నాడు.

సలహా_శేఖర్
2024 చలికాలంలో పెన్షన్ క్రెడిట్ లాంటివి ఉన్నవాళ్లకే పరిమితం చేశారు. 2025లో మళ్లీ మార్చారు. ఇంగ్లండ్, వేల్స్‌లో 1959 సెప్టెంబరు 22 కంటే ముందు పుట్టినవాళ్లందరికీ ఉంది. ఎవరి సొంత ఆదాయం ఏడాదికి 35,000 దాటుతుందో వాళ్ల దగ్గర టాక్స్ ద్వారా వెనక్కి తీసుకుంటారు. మొగుడి ఆదాయం 40,000, పెళ్లాం ఆదాయం 9,000 అయితే ఆయన వాటానే వెనక్కి పోతుంది, ఆవిడది ఆవిడకే.

80 లోపు ఒంటరిగా ఉంటే 200, 80 దాటితే 300. ఇద్దరూ 80 లోపు ఉంటే చెరో 100.

స్టేట్ పెన్షన్ తీసుకుంటున్నవాళ్లకి మామూలుగా అడక్కుండానే వస్తుంది, నవంబరు, డిసెంబరుల్లో పడుతుంది. స్టేట్ పెన్షన్ వాయిదా వేసుకుని, ఇంతకు ముందెప్పుడూ ఈ సాయం తీసుకోనివాళ్లు అడగాలి. ఈ చలికాలానికి ఆఖరు తేదీ 2026 మార్చి 31. అది దాటాక వెనక్కి ఇవ్వరు.

ఒక హెచ్చరిక. "మీ వింటర్ ఫ్యూయెల్ ఆగిపోయింది, ఈ లింక్ నొక్కండి" అని మెసేజ్ వస్తే అది దొంగ మెసేజ్. మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లు ఒకసారి తీసి చూడండి.

గ్లాస్గో_గౌరి
స్కాట్లండ్‌లో ఉన్నవాళ్లకి పేరే వేరు. పెన్షన్ ఏజ్ వింటర్ హీటింగ్ పేమెంట్, ఇచ్చేది సోషల్ సెక్యూరిటీ స్కాట్లండ్. ఈ ఏడు 203.40, 80 దాటితే 305.10. కోల్డ్ వెదర్ పేమెంట్ కూడా ఇక్కడ ఉండదు, దాని బదులు చలి ఎంతున్నా లేకున్నా ఒకేసారి ఇచ్చే వింటర్ హీటింగ్ పేమెంట్ ఉంది. అటెండెన్స్ అలవెన్స్ (ఒంటి పనులకి సాయం కావాల్సిన పెద్దవాళ్లకి ఇచ్చే డబ్బు) స్థానంలో పెన్షన్ ఏజ్ డిసెబిలిటీ పేమెంట్ వచ్చింది. పెన్షన్ క్రెడిట్ మాత్రం అందరికీ ఒకటే.

పెన్షన్_పద్మ
వార్మ్ హోమ్ డిస్కౌంట్ దగ్గర లత గారు ఒకటి చూడాలి. ఈ చలికాలానికి అర్హత చూసే రోజు 2025 ఆగస్టు 24. ఆ రోజున పెన్షన్ క్రెడిట్ నడుస్తూ ఉండాలి, కరెంటు ఖాతా ఆవిడ పేరు మీద ఉండాలి, ఆ కంపెనీ పథకంలో ఉండాలి. ఇవాళ నవంబరు 10న క్లెయిమ్ పెట్టి 3 నెలలు వెనక్కి అడిగితే ఆగస్టు 10 నుంచి మొదలవుతుంది, అంటే ఆగస్టు 24 దాని లోపలే. రెండు వారాలకి మించి ఆలస్యం చేస్తే ఆ తేదీ జారిపోతుంది. అవార్డు ఉత్తరం వచ్చాక డిస్కౌంట్ గురించి ఏ సమాచారమూ రాకపోతే, వార్మ్ హోమ్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి అవార్డు మొదలైన తేదీ చెప్పి అడగండి.

పాత నిబంధనలో గ్యారంటీ భాగం లేనివాళ్లకి, ఇల్లు వేడెక్కడానికి ఖర్చు ఎక్కువయ్యే ఇళ్లైతేనే ఇచ్చేవాళ్లు. ఈ చలికాలం నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో దాన్ని ఎత్తేశారు. పోయినేడు రాలేదు కదా అని ఊరుకోవద్దు.

కాజీపేట_కిరణ్
లతక్కా, కరెంటు ఖాతా ఇంకా మీ పెదనాన్న పేరు మీదనే ఉందేమో చూడు. మనోళ్ల ఇండ్లల్ల ఇదే ఎక్కువ. మనిషి పోయి ఐదేండ్లయినా బిల్లు ఆయన పేరునే వస్తుంటది. వాళ్లు పేరు, అడ్రసు సర్కారు రికార్డుతోని కంప్యూటర్‌ల కలిపి చూస్తరు, పేరు కలువకపోతే అక్కడనే ఆగుతది.

లెస్టర్_లత
చూశాను. కరెంటు పెద్దమ్మ పేరే. గ్యాస్ మాత్రం పెదనాన్న పేరు మీదే ఉంది!

గోదారోడు_68
డిస్కౌంట్ పడేది మామూలుగా కరెంటు ఖాతాలో, కాబట్టి బతికిపోయారు. గ్యాస్‌ది కూడా మార్పించండి. డెత్ సర్టిఫికెట్ కాపీ, ఆ రోజు మీటర్ రీడింగ్ ఫోటో ఉంటే చాలు. అదే ఫోన్‌లో ప్రయారిటీ సర్వీసెస్ రిజిస్టర్‌లో పేరు వేయించండి. పెన్షన్ వయసు వాళ్లకి ఉచితం. కరెంటు పోయినప్పుడు ముందు చెప్తారు, మీటర్ చేతికి అందని చోట ఉంటే సాయం చేస్తారు, తలుపు తట్టేవాడికి పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. ఒంటరి ఆడమనిషికి ఆ పాస్‌వర్డ్ చాలా అవసరం.

క్రాయ్‌డన్_కామాక్షి
అసలు పెద్ద విషయం ఇంకా ఎవరూ ఎత్తలేదు. ఆవిడకి స్నానానికి, బట్టలకి సాయం కావాలన్నారు. అటెండెన్స్ అలవెన్స్ పెట్టించారా?

దీనికి ఆదాయం, ఆస్తి ఏమీ చూడరు. పగలు గానీ రాత్రి గానీ సాయం అవసరమైతే వారానికి 73.90, పగలూ రాత్రీ రెండూ అయితే 110.40. సాయం చేసే మనిషి ఇంట్లో ఉండాల్సిన పని లేదు, అవసరం ఉంటే చాలు. ఆ అవసరం 6 నెలలుగా ఉండాలి.

దీనికి బ్యాక్‌డేట్ లేదు. ఒక్క రోజు కూడా వెనక్కి ఇవ్వరు. కానీ ఫోన్ చేసి ఫారం అడిగిన రోజే క్లెయిమ్ తేదీ అవుతుంది, 6 వారాల్లో నింపి పంపితే. ఇంటర్నెట్‌లోంచి ఫారం ప్రింట్ తీసుకుంటే అది వాళ్లకి చేరిన రోజే తేదీ. ఫోన్ చేస్తే ఆ వారాలు మిగులుతాయి.

సలహా_శేఖర్
కామాక్షి గారు చెప్పినదానికి ముడి పెన్షన్ క్రెడిట్‌లో ఉంది. అటెండెన్స్ అలవెన్స్ వస్తే, దాన్ని పెన్షన్ క్రెడిట్ ఆదాయంలో కలపరు. పైగా ఒంటరిగా ఉంటూ, ఆవిడ పేరు మీద ఎవరూ కేరర్స్ అలవెన్స్ (చూసుకునే మనిషికి ఇచ్చే డబ్బు) తీసుకోకపోతే, గ్యారంటీ హద్దుకి 82.90 కలుస్తుంది. 227.10 కాస్తా 310.00 అవుతుంది.

ఇప్పుడు మళ్లీ లెక్క: 310.00లోంచి 207.40 తీస్తే 102.60. సేవింగ్స్ క్రెడిట్ 5.48. రెండూ 108.08. అటెండెన్స్ 73.90 విడిగా. మొత్తం వారానికి 181.98. పొద్దున పాతిక పౌండ్లు అనుకున్న మనిషికి!

పద్మ గారు చెప్పిన 20,000 పొలం కేసులో గ్యారంటీ రాదన్నారు కదా, అటెండెన్స్ వచ్చాక అదే మనిషికి 310.00 - 229.40, అంటే 80.60 గ్యారంటీ వస్తుంది. ఒకసారి కాదన్నారని ఎప్పటికీ కాదనుకోకూడదు.

స్లౌ_సుబ్బు
అటెండెన్స్ తేలడానికి నెలలు పడితే, పెన్షన్ క్రెడిట్ ఆపుకుని కూర్చోవాలా?

క్రాయ్‌డన్_కామాక్షి
అక్కర్లేదు. రెండూ ఇవాళే. పెన్షన్ క్రెడిట్ ఉన్నది ఉన్నట్టు మొదలవుతుంది. అటెండెన్స్ ఉత్తరం రాగానే పెన్షన్ సర్వీస్‌కి ఫోన్ చేసి అది ఏ తేదీ నుంచి ఇచ్చారో చెప్పాలి. 82.90 ఆ తేదీ నుంచే కలుపుతారు. వాళ్లంతట వాళ్లు కలుపుతారని చూస్తూ కూర్చోకండి, చాలాసార్లు కలవదు.

ముందు పెన్షన్ క్రెడిట్ కాదన్నారు, తర్వాత అటెండెన్స్ వచ్చింది అనుకోండి. ఆ నిర్ణయం వచ్చిన 3 నెలల్లోపు మళ్లీ పెన్షన్ క్రెడిట్ పెట్టాలి. అప్పుడు మొదటి క్లెయిమ్ తేదీ, అటెండెన్స్ మొదలైన తేదీ, ఈ రెండింటిలో ఏది తర్వాతదైతే అక్కడిదాకా వెనక్కి వెళ్తుంది. ఈ నిబంధన పేపర్ మీద రాసి ఫ్రిజ్‌కి అంటించుకోండి.

హౌన్స్‌లో_హేమ
ఫారం ఎలా రాయాలో చెప్పండి. మన పెద్దవాళ్లు "ఎలా ఉన్నారు" అంటే "బాగానే ఉన్నా" అంటారు, ఫారంలోనూ అదే రాస్తారు.

క్రాయ్‌డన్_కామాక్షి
అదే అసలు గండం హేమా.

వంట, ఇల్లు ఊడవడం, బజారు వెళ్లిరావడం రాసి పేజీలు నింపుతారు. అవి లెక్కలోకి రావు. శరీరానికి సంబంధించినవి రాయాలి: మంచం మీంచి లేవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, స్నానం, చీర కట్టుకోవడం, మందులు వేసుకోవడం, తినడం, మెట్లు దిగడం, పడిపోకుండా ఎవరైనా చూస్తూ ఉండటం.

"స్నానానికి ఇబ్బంది" అని రాస్తే సరిపోదు. "బాత్‌టబ్ అంచు దాటలేదు, కాలు పైకి లేవదు, వీపు కడుక్కోలేదు, ప్రతిసారీ 25 నిమిషాలు, ఎవరూ లేనప్పుడు స్నానం మానేస్తుంది" అని రాయాలి. రోజుకి ఎన్నిసార్లు, ఒక్కోసారి ఎంతసేపు, సాయం లేకపోతే ఏమవుతుంది. ఈ మూడూ ప్రతి ప్రశ్నకీ. చేసుకుంటున్న పని కూడా నొప్పితోనో, పడిపోయే భయంతోనో చేసుకుంటుంటే అది సాయం అవసరమే.

రాత్రి ప్రశ్నల్ని వదిలేయకండి. రాత్రి రెండుసార్లు బాత్రూమ్‌కి లేచి గోడ పట్టుకుని నడుస్తున్నారంటే అది రాత్రి అవసరం, 110.40 దాకా తీసుకెళ్లేది అదే.

జీపీ (ఫ్యామిలీ డాక్టరు) దగ్గర మందుల లిస్టు ప్రింట్ తీసుకుని జత చేయండి. ఫారం మొత్తం కాపీ తీసి దాచండి.

కాజీపేట_కిరణ్
కేరర్స్ అలవెన్స్ ముచ్చట గట్టిగ చెప్పాలె. కోడలో బిడ్డో చూసుకుంటుందని ఆమె పేరు మీద కేరర్స్ అలవెన్స్ పెడితె వారానికి 83.30 వస్తది, కానీ పెద్దామెకు ఆ 82.90 పోతది. ఎవరికి ఏది లాభమో లెక్కేసుకోని పెట్టుండ్రి.

విగన్_వెంకట్
మా అమ్మానాన్న మా ఇంట్లోనే ఉంటారు. ఐఎల్ఆర్ (యూకేలో శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చింది. వాళ్లకి ఏమైనా వర్తిస్తాయా, లేక నా జీతం చూస్తారా?

పెన్షన్_పద్మ
వెంకట్ గారూ, వీసా ముందు చూడాలి. అడల్ట్ డిపెండెంట్ రిలేటివ్ కింద వచ్చి, మీరు పోషణ బాధ్యత రాసిచ్చి ఉంటే, ఐఎల్ఆర్ ఉన్నా సరే, 5 ఏళ్లు పెన్షన్ క్రెడిట్ అడగకూడదు. ఆ 5 ఏళ్లు సంతకం పెట్టిన రోజు, దేశంలో దిగిన రోజు, ఈ రెండింటిలో ఏది తర్వాతదైతే అక్కడినుంచి. విజిట్ వీసా మీద వచ్చినవాళ్లకి అసలు లేదు. వీసాలో పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ సాయాలు) వద్దని ఉంటే ఇమిగ్రేషన్ సలహాదారుని అడక్కుండా ఏ ఫారమూ నింపకండి.

ఆ 5 ఏళ్లూ దాటాక: మీ జీతం చూడరు. ఇల్లు మీదైనా పెన్షన్ క్రెడిట్ వాళ్ల ఆదాయం మీదే తేలుస్తారు. అయితే కొన్ని తేడాలు. బిల్లు మీ పేరు మీద ఉంటుంది కాబట్టి వార్మ్ హోమ్ డిస్కౌంట్ రాదు. మీరు 18 నిండిన మనిషి కాబట్టి, వాళ్లతో అదే ఇంట్లో ఉన్నంతకాలం ఆ 82.90 అదనం మామూలుగా రాదు. 75 దాటినవాళ్ల పేరు మీద టీవీ లైసెన్స్ మార్పిస్తే ఆ ఉచితం ఇంటిల్లిపాదికీ వర్తిస్తుంది. కోల్డ్ వెదర్ పేమెంట్ వస్తుంది.

విగన్_వెంకట్
నాన్నకి 69, అమ్మకి 61.

సలహా_శేఖర్
అయితే పెన్షన్ క్రెడిట్ కొత్తగా పెట్టలేరు. 2019 మే 15 నుంచి దంపతులిద్దరూ పెన్షన్ వయసుకి రావాలి. అమ్మగారు వచ్చేదాకా యూనివర్సల్ క్రెడిట్, అక్కడ 16,000 హద్దు ఉంది, వాసు గారు చెప్పింది అక్కడ నిజం. స్టేట్ పెన్షన్ వయసు 2026 ఏప్రిల్ దాకా 66, అప్పటినుంచి 2028 మధ్య మెల్లగా 67కి పెరుగుతుంది, కాబట్టి అమ్మగారి తేదీ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూడండి. ఆ తేదీకి 4 నెలల ముందు నుంచే ఫారం పెట్టవచ్చు.

నాన్నగారికి వింటర్ ఫ్యూయెల్ సంగతి విడిగా చూడండి, దానికి అమ్మగారి వయసుతో పని లేదు.

వాట్‌ఫర్డ్_వాసు
కౌన్సిల్ టాక్స్‌కి బ్యాక్‌డేట్ ఉందా?

పెన్షన్_పద్మ
ఇంగ్లండ్‌లో పెన్షన్ వయసు వాళ్లకి కౌన్సిల్ టాక్స్ రిడక్షన్ 3 నెలలు వెనక్కి, కారణం చెప్పక్కర్లేదు. హౌసింగ్ బెనిఫిట్‌కీ అంతే. కానీ కౌన్సిల్‌కి విడిగా అప్లై చేయాలి. గ్యారంటీ క్రెడిట్ ఉంటే టాక్స్ మొత్తం పోయే అవకాశం ఉంటుంది. ఒంటరిగా ఉన్నందుకు 25 శాతం తగ్గింపు దీనికి సంబంధం లేకుండా అందరికీ ఉంది, పెదనాన్నగారు పోయినప్పటి నుంచి అది వేశారో లేదో పాత బిల్లుల్లో చూడండి. వేయకపోతే ఆ తేదీ నుంచి దిద్దమని రాయండి, అది 3 నెలల నిబంధన కిందికి రాదు.

డిమెన్షియా ఉన్నవాళ్ల ఇళ్లలో ఇంకొకటి. డాక్టరు సర్టిఫికెట్, అటెండెన్స్ అలవెన్స్ లాంటిది ఉండి, ఒంటరిగా ఉంటే కౌన్సిల్ టాక్స్ పూర్తిగా మాఫీ. వెనక్కి ఎప్పటినుంచి వర్తించాలో రాసి మరీ అడగాలి.

గోదారోడు_68
నీళ్ల బిల్లు మర్చిపోయారు. మీటర్ ఉండి, పెన్షన్ క్రెడిట్ లాంటిది ఉండి, జబ్బు వల్ల నీళ్లు ఎక్కువ వాడాల్సి వస్తే వాటర్‌ష్యూర్ కింద బిల్లుకి హద్దు పెడతారు. అది కాకపోయినా ప్రతి నీళ్ల కంపెనీకీ తక్కువ ఆదాయం వాళ్లకి ఒక సోషల్ టారిఫ్ ఉంటుంది. ఇంటర్నెట్, ఫోన్‌కీ అంతే, పెన్షన్ క్రెడిట్ ఉంటే సోషల్ టారిఫ్ అని అడగండి. అడక్కుండా వాళ్లు చెప్పరు.

లెస్టర్_లత
రేపు పెద్దమ్మ పక్కన కూర్చుని ఫోన్ చేయిస్తాను. ఆవిడకి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఏం దగ్గర పెట్టుకోవాలి?

సలహా_శేఖర్
నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, బ్యాంకు సార్ట్ కోడ్, ఖాతా నంబరు, రెండు పెన్షన్ల ఉత్తరాలు, పొలం విలువ కాగితం.

ముఖ్యమైనది: బ్యాక్‌డేట్ అడుగుతున్నారు కాబట్టి పొదుపు ఇవాళ ఎంతుందో కాదు, క్లెయిమ్ మొదలవ్వాల్సిన రోజున ఎంతుందో అడుగుతారు. ఆగస్టు బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి పెట్టుకోండి. ఇదొక్కటి లేక ఫోన్ మధ్యలో ఆగిపోయి వారాలు పోతాయి.

"3 నెలలు వెనక్కి కావాలి" అని నోటితో చెప్పించండి. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగవచ్చు, లేదా ఆవిడ పక్కనే ఉండి నా తరఫున ఈమె మాట్లాడుతుందని ఆవిడ చెబితే మీరు మాట్లాడవచ్చు. పెట్టేసే ముందు మాట్లాడినవాళ్ల పేరు, తేదీ, టైము రాసుకోండి.

ఉత్తరంలో కాదన్నారనుకోండి, లేదా మొదలైన తేదీ తప్పుగా ఉందనుకోండి, ఆ ఉత్తరం తేదీ నుంచి నెల లోపు మ్యాండేటరీ రీకన్సిడరేషన్ (నిర్ణయాన్ని మళ్లీ చూడమనడం) అడగాలి. అక్కడా కాదంటే మరో నెలలో ట్రిబ్యునల్‌కి. ఉత్తరం మీద ఉన్న తేదీ చూడండి, ఇంటికి చేరిన తేదీ కాదు.

లెస్టర్_లత
ఇంకొక్కటి. సంక్రాంతికి ఆవిడ్ని రెండు నెలలు తెనాలి తీసుకెళ్దామనుకుంటున్నాం. ఏమైనా ఇబ్బందా?

క్రాయ్‌డన్_కామాక్షి
ఉంది. దేశం బయట 4 వారాలు మించని ప్రయాణమైతేనే పెన్షన్ క్రెడిట్ నడుస్తుంది. మొదటినుంచే రెండు నెలలకి టికెట్ తీస్తే బయల్దేరిన రోజు నుంచే ఆగిపోతుంది. దగ్గరివాళ్లు పోయిన సందర్భంలో 8 వారాల దాకా, వైద్యం కోసమైతే 26 వారాల దాకా వెసులుబాటు ఉంది. అటెండెన్స్ అలవెన్స్‌కి మామూలుగా 13 వారాలు.

వెళ్లే ముందు ఫోన్ చేసి తేదీలు చెప్పాలి. ఆగిపోతే తిరిగి వచ్చాక మళ్లీ క్లెయిమ్ పెట్టాలి. అప్పుడు బ్యాక్‌డేట్ అడిగినా ఇండియాలో ఉన్న వారాలకి ఇవ్వరు, ఇక్కడ దిగిన రోజు నుంచే.

కాజీపేట_కిరణ్
పండుగకే పోవాల్నంటే జనవరి 5న పోయి 30 లోపు వచ్చేటట్టు టికెట్ చూసుకోండ్రి. భోగి, సంక్రాంతి, కనుమ మూడూ అందుతయి.

లెస్టర్_లత
అలాగే చూస్తాం కిరణ్. ఆగస్టు స్టేట్‌మెంట్ ప్రింట్ తీశాను. రేపు పొద్దున్నే మొదట అటెండెన్స్ ఫారం కోసం, తర్వాత పెన్షన్ క్రెడిట్ కోసం ఫోన్ చేయిస్తాను.